అబ్బులు మంచినీళ్ళు ముట్టలేదు

బడి డాబా మీద గేదె ఈనిన వరదకి మరుసటి ఏడు జరిగిందిది. సర్కారు కాగితాల్లో ఆ ఏటికి వేరే అంకె ఉండొచ్చు. గోదారి మధ్యనున్న మొగలిలంకలో మాత్రం ఏళ్ళని వరదలతోనే లెక్కపెడతారు. పాకలు కొట్టుకుపోయిన వరద, పాములు కొబ్బరిచెట్లెక్కిన వరద, ఆ తర్వాత ఇది. ఆ గేదె అబ్బులుది.

ఆ వరదకి లంక చుట్టూ ఉన్న ఏటిగట్టు ఉత్తరాన తెగింది. నలభై రెండడుగుల గండి పడింది. గండిలోంచి నీళ్ళు ఊళ్ళోకి వస్తే మొదట తగిలే ఇల్లు అబ్బులుదే. వెనక గోడ మొత్తం పోయింది. నిండు చూలుతో ఉన్న గేదెని అబ్బులు ముందు నుంచి లాగి, పెళ్ళాం వరహాలమ్మ వెనక నుంచి నెట్టి, ఇరవై రెండు మెట్లు ఎక్కించారు. పదకొండు రోజులు డాబా మీదే. ఆరోనాడు అది ఈనింది. దిగేటప్పటికి వరహాలమ్మ మోకాళ్ళు రెండూ వాచిపోయాయి.

"మళ్ళీ నీళ్ళొస్తే గేదెని ఎక్కించే ఓపిక నాకు లేదు," అంది. "దాని తోక పట్టుకుని నేనూ ఏట్లోకే పోతాను. నువ్వొక్కడివీ డాబా మీద కూచుని ‘ఊఁ’ అనుకో."

"ఊఁ," అన్నాడు అబ్బులు.

అంతకంటే అనడు. చిరిగిన గోనెసంచులు బాగుచెయ్యడం అతని పని. కోతలప్పుడు ఊరూరి సంచులూ అతని ముంగిట్లో పడతాయి. దబ్బనంలోకి పురికొస ఎక్కించుకుని కూచున్నాడంటే పొద్దు వాలేదాకా ముఖం ఎత్తడు. "పెళ్ళిపీటల మీద ‘ఊఁ’ అన్నాడు. రెండో మాట కోసం నలభై ఏళ్ళుగా చూస్తన్నాను," అనేది వరహాలమ్మ.

నోరులేని మనిషికి ఊళ్ళో ఇంకో పని ఉంది. అది గోనెల పనికంటే పెద్దది.

మొగలిలంకలో గుమ్మంలోకి వచ్చిన మనిషిని కాదనే ఆచారం లేదు. పిల్లనిమ్మన్నా, చేను అమ్మమన్నా, పందిరికి వాసాలిమ్మన్నా "ఆయ్, అలాగేనండి" అంటారు. మజ్జిగిచ్చి పంపుతారు. ఇష్టం లేకపోతే ఆ సంగతి మూడోనాడు తెలపాలి. అదీ మూడో మనిషి చేత. ఆ మూడో మనిషి అబ్బులు. అతను వెళ్ళి ఆ ఇంటి అరుగు మీద కూచుంటాడు. ఇంటావిడ చెంబుతో మంచినీళ్ళు తెచ్చి పెడుతుంది. అతను ముట్టుకోడు. కాసేపుండి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచిపోతాడు. కుదరదన్నమాట. నీళ్ళు తాగితే కుదిరినట్టు. నోటితో అన్న "కాదు" ముల్లులా గుచ్చుకుని ఉండిపోతుందనీ, అబ్బులు "కాదు" గాలికి పోతుందనీ ఊళ్ళో మాట. ముప్ఫై ఏళ్ళలో ఎన్ని సంబంధాలు తప్పిపోయినా, ఆ రెండిళ్ళవాళ్ళూ ఒక్కనాడూ మాట్లాడుకోవడం మానలేదు.

ఆ ఎండాకాలం ఉప ఎన్నిక వచ్చింది. ఉన్న ఎమ్మెల్యే పార్టీ మారి, మారిన పార్టీ నచ్చక మళ్ళీ మారి, చివరికి తను ఏ పార్టీలో ఉన్నాడో తనకే తేలక రాజీనామా చేశాడు. మిగిలినవి రెండే పార్టీలు, కావిడి గుర్తుదొకటి, తిరగలి గుర్తుదొకటి. కిందటిసారి తేడా ముప్ఫయ్యేడు ఓట్లు. మొగలిలంకలో ఎనిమిది వందల ఆరు ఓట్లున్నాయి. దాంతో ఎప్పుడూ పడవ ఎక్కని పెద్దలు కూడా పంచెలు ఎగగట్టి పడవెక్కారు.

లంకలో కావిడి పార్టీకి పెద్ద గన్నెయ్య. తిరగలి పార్టీకి పెద్ద బాపిరాజు. పొద్దున్నే ఒకే బడ్డీ దగ్గర, ఒకే బల్ల మీద కూచుని టీ తాగుతారు. ఇక పార్టీల బుర్రకి వస్తే, అది ఒక్కటే. విశ్వంభర్ గారని పట్నం నుంచి వచ్చిన వ్యూహకర్త. నలభై అయిదేళ్ళుంటాయి. పొద్దున కావిడి పార్టీకి సలహా చెప్పేవాడు, మధ్యాహ్నం భోజనం చేసి తిరగలి పార్టీకి చెప్పేవాడు. ఇదేమిటండీ అంటే, "డాక్టరు ఇద్దరు రోగుల్ని చూడడా? పొద్దున తెలిసింది మధ్యాహ్నానికి మర్చిపోవడం మా వృత్తిధర్మం," అనేవాడు.

ముందు కావిడి పార్టీ వాళ్ళు ఇంటింటికీ తిరిగారు. చేతిలో పలకల్లాంటి యంత్రాలు.

"గండి మూసెయ్యాలంటారా అమ్మా?"

"ఆయ్, మూసెయ్యాలండి. మజ్జిగ పుచ్చుకుంటారా?"

మూడు వందల పన్నెండు ఇళ్ళూ మూసెయ్యమన్నాయి. నూటికి నూరు. మర్నాడే గండి పక్కన పాతిక అడుగుల ఫ్లెక్సీ లేచింది. అభ్యర్థి రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. కింద: "గండి మూస్తాం. ఇది కావిడి మాట."

ఆ మధ్యాహ్నం విశ్వంభర్ గారు తిరగలి పార్టీ వాళ్ళని కూచోబెట్టుకున్నాడు.

"మనమూ మూస్తామనొచ్చు కదండీ?" అన్నాడు బాపిరాజు. "మూయాల్సిందే కదా మరి."

"రాజుగారూ, వాళ్ళు మూస్తామన్నాక మనమూ మూస్తామంటే ఓటరు దేన్ని ఎంచుకుంటాడు? ప్రజాస్వామ్యమంటే ఎంపిక. ఎంపిక ఉండాలంటే తేడా ఉండాలి. తేడా సృష్టించడం మన చారిత్రక కర్తవ్యం. ముందు ప్రజల నాడి చూద్దాం."

వాళ్ళూ ఇంటింటికీ తిరిగారు.

"గండిని అలాగే ఉంచాలంటారా అమ్మా?"

"ఆయ్, ఉంచాలండి. ఎండలో వచ్చేరు, మజ్జిగ పుచ్చుకోండి."

ఇదీ నూటికి నూరే. రెండో ఫ్లెక్సీ లేచింది: "గండి మన ఊరి ఊపిరి. ఎవరినీ ముట్టుకోనివ్వం. ఇది తిరగలి మాట."

అబ్బులింటికి కూడా వచ్చారు. మూసెయ్యాలా అని ఒకడడిగితే "ఊఁ" అన్నాడు. ఉంచాలా అని ఇంకొకడడిగితే కుడుతున్న సంచి పక్కనపెట్టి, గోడ లేని తన ఇంటిని ఓసారి, గండిని ఓసారి చూశాడు. "ఊఁ" అన్నాడు. వాడు మీట నొక్కేసుకున్నాడు.

మూడోనాడు ఆడవాళ్ళంతా వరహాలమ్మ ముంగిట్లోకి చేరారు. "ఒదినా, అన్నయ్యని ఓసారి బాపిరాజు గారింటికి పంపించు," అన్నారు. అబ్బులు తువ్వాలు భుజాన వేసుకుని బయల్దేరాడు.

బాపిరాజు అరుగు మీద విశ్వంభర్ గారు పటాలు పరుచుకుని ఉన్నాడు. అబ్బులు వచ్చి ఓ మూల కూచున్నాడు. చూడగానే బాపిరాజు ముఖం తెల్లబోయింది. లోపల్నుంచి చెంబుతో నీళ్ళొచ్చాయి. అబ్బులు ముట్టుకోలేదు. తువ్వాలు దులిపి లేచిపోయాడు.

"చూశారా అండీ," అన్నాడు బాపిరాజు గొంతు తగ్గించి. "ఊరు కాదంటోంది."

"ఎవరన్నారు?"

"అబ్బులు మంచినీళ్ళు ముట్టలేదండి."

"దాహం లేదేమో."

"అది కాదండి, మా లంకలో—"

"రాజుగారూ, ఆయన నడిచి వచ్చాడు. మన కార్యాలయంలో కూచున్నాడు. మన నీళ్ళు కూడా వాడుకోకుండా వెళ్ళాడు. దీన్ని మా శాస్త్రంలో నిస్వార్థ మౌన మద్దతు అంటారు," అని రాసుకున్నాడు విశ్వంభర్ గారు.

మర్నాడు బడ్డీ దగ్గర బాపిరాజు నోరు జారి తన పార్టీకి నూటికి నూరు వచ్చిన సంగతి గన్నెయ్యతో అన్నాడు. మేనత్త మేనమామ బిడ్డలు, దాచుకునే అలవాటు లేదు. గన్నెయ్య టీ సగంలో వదిలేసి ఫోను చేశాడు. ఊరంతా ఉంచమంటోందని తెలిసి కావిడి పార్టీ రాష్ట్ర కార్యవర్గం అత్యవసరంగా కూడింది. సాయంత్రానికి ప్రకటన వచ్చింది: "గండి మూస్తామని మేము ఎన్నడూ మూసే ఉద్దేశంతో అనలేదు. మా మాట వక్రీకరించబడింది."

పాత ఫ్లెక్సీ దించారు. కొత్తది కట్టారు: "గండిని కంటిపాపలా కాస్తాం."

అటు తిరగలి వాళ్ళకీ ముందటి లెక్క ఇలాగే చేరింది. ఊరంతా మూసెయ్యమందట. వాళ్ళూ దించి కొత్తది కట్టారు: "గండి మూసేదాకా నిద్రపోం."

ఇప్పుడు కావిడి వాళ్ళది ఉంచే మాట, తిరగలి వాళ్ళది మూసే మాట. జనం ఆయ్ అన్నారు. మూడోనాడు అబ్బులు గన్నెయ్య అరుగు మీదికి వెళ్ళి నీళ్ళు ముట్టకుండా వచ్చాడు. గన్నెయ్యకి రాత్రి అన్నం సయించలేదు. విశ్వంభర్ గారు మాత్రం, "రెండు పార్టీల కార్యాలయాలకూ వచ్చాడంటే తటస్థ ఓటరు. చాలా విలువైన మనిషి. వదలొద్దు," అన్నాడు.

ఆ నెలలో మాట ఏడుసార్లు మారింది. ఒకళ్ళు మారితే రెండోవాళ్ళు మారాలి, లేకపోతే ఎంపిక ఉండదు. మారినప్పుడల్లా ఊరి నలుమూలలా ఫ్లెక్సీలు దిగేవి, కొత్తవి ఎక్కేవి. దించినవాళ్ళు వాటిని అక్కడే పారేసి పోయేవాళ్ళు. అబ్బులు సాయంత్రం పూట వెళ్ళి, ఒక్కొక్కటీ దులిపి, మడత పెట్టి, నెత్తిన పెట్టుకుని తెచ్చుకునేవాడు. ఏం చేస్తాడని ఎవరూ అడగలేదు. వెనక గోడ ఉండాల్సిన చోట దొంతర వేశాడు. మూస్తాం మీద ఉంచుతాం, దాని మీద కాస్తాం, దాని మీద నిద్రపోం. ఏడోసారి మారేటప్పటికి ఆ దొంతర అతని భుజం దాకా వచ్చింది. గాలి ఆగింది.

"పోనీలే," అంది వరహాలమ్మ. "గండి సంగతేమో గానీ నా గోడ మాత్రం కట్టించేరు రెండు పార్టీలవాళ్ళూ."

బడి ముందు బహిరంగ సభ పెట్టినప్పుడు మరీ వింతయింది. కావిడి అభ్యర్థి మైకు పట్టుకుని, "అక్కలారా, అన్నలారా, ఈ గండి చూసినప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. దీన్ని తలుచుకుంటే కడుపు తరుక్కుపోతోంది. దీన్ని రేపే..." అంటుండగా వెనక నుంచి చీటీ అందింది. చూసుకున్నాడు. "...దీన్ని రేపే పిల్లాపాపలతో వచ్చి చూసి వెళ్ళాలనుంది. అంత అందంగా ఉంది," అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. వచ్చిన మనిషిని చిన్నబుచ్చకూడదు కదా.

గంట తర్వాత అదే చోట తిరగలి అభ్యర్థి సభ. అతనికి చీటీలు రెండు వచ్చాయి. మొదటిది అందాక మూసేశాడు. రెండోది అందాక తెరిచాడు. జనం రెండుసార్లు కొట్టారు.

చివరికి రెండు పార్టీలూ తిరిగి తిరిగి ఒక్క మాట దగ్గర ఢీకొన్నాయి: "సగం మూస్తాం." ఆ మాట ముందు ఎవరన్నారని రెండు రోజులు తగువు. మూడోరోజు విశ్వంభర్ గారు పొద్దున ఒకరికీ మధ్యాహ్నం ఒకరికీ తేడా తేల్చిపెట్టాడు. కావిడి పార్టీ గండిలో పై సగం మూస్తుంది. తిరగలి పార్టీ కింది సగం మూస్తుంది.

"పై సగం మూస్తే మట్టి గాల్లో ఎలా నిలబడుతుందండీ?" అన్నాడు గన్నెయ్య.

"అది సాంకేతికం. మనది రాజకీయం," అన్నాడు విశ్వంభర్ గారు. అబ్బులు దగ్గరికి తనే స్వయంగా వచ్చి గొంతుక్కూచున్నాడు. "పెద్దాయనా, మీరు చెప్పండి. పై సగమా, కింది సగమా?"

అబ్బులు అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు. "ఊఁ," అన్నాడు.

"రెండూ అంటున్నాడు," అని రాసుకున్నాడు విశ్వంభర్ గారు.

ఇదంతా నీటిపారుదల శాఖ దాకా వెళ్ళింది. ఏఈ గారు జీపు అవతలి ఒడ్డున వదిలి, పడవలో వచ్చి, గండి ఒడ్డున కుర్చీ వేయించుకున్నారు.

"ప్రస్తుత తరుణంలో గండి అనేది కేవలం గండి కాదు," అన్నారు. "విధానపరమైన అంశం. పార్టీల వైఖరులు పరిశీలనలో ఉన్నందున, అంతిమ నిర్ణయం వెలువడే పర్యంతం దీన్ని యథాతథ స్థితిలో పరిరక్షించవలసిన గురుతర బాధ్యత శాఖపై ఉన్నది. ఒక తట్ట మట్టి వేయరాదు. ఒక తట్ట తీయరాదు."

"ఆయ్, అలాగేనండి," అంది ఊరు.

"ఈలోగా నీళ్ళొస్తేనండి?" అంది వరహాలమ్మ.

"నీరు ఋతువులకు సంబంధించిన విషయం. ఇది శాఖకు సంబంధించిన విషయం. రెంటినీ కలపరాదు."

బోర్డు పాతారు: "పరిరక్షిత గండి. పొడవు నలభై రెండు అడుగులు. పూడ్చినవారు శిక్షార్హులు." గట్టు చూసే లస్కరు నూకరాజుకి రోజూ పొద్దున్నే టేపుతో కొలిచి రిజిస్టరులో రాసే పని పడింది. ఓ ముసలాయన పాత పెంకులు రెండు తట్టలు అందులో పోస్తే, ఆయన చేతే ఏరించి ఇంటికి మోయించారు. ఆయన ఆయ్ అంటూనే ఏరాడు.

జూన్ మొదట్లో ఓ వాన కురిసి గట్టు అంచు జారింది. నూకరాజు కొలిస్తే నలభై మూడు అడుగులొచ్చింది. రెండుసార్లు కొలిచాడు. టేపు సాగదీసి కొలిచాడు. లాభం లేకపోయింది. నాలుగోనాడు అబ్బులు పేర నోటీసు వచ్చింది. నూకరాజే తెచ్చి, వాకిట్లో నిలబడి చదివాడు: "సమీప నివాసియైన తాము పరిరక్షిత గండి యొక్క అనధికార పెరుగుదలకు గల కారణములను వారం దినములలో లిఖితపూర్వకముగా తెలియజేయవలెను."

"ఏంటంటాడు?" అంది వరహాలమ్మ.

"గండి అడుగు పెరిగిందంట అత్తా. మావని సంజాయిషీ అడుగుతున్నారు."

"ఏవయ్యో, గండి ఎదిగిపోయిందంట. దానికేం మేత పెట్టేవో చెప్పమంటన్నారు," అంది మొగుడితో. నవ్వుతూనే అంది. కానీ అన్నాక లోపలికి వెళ్ళి, గేదె మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. పలుపు పాతది. ఆ మెట్లు ఎక్కేటప్పుడు ఒరుసుకున్న చోట ఇంకా పీచులు లేచి ఉన్నాయి.

అబ్బులు ఆ నోటీసు మడిచి ఫ్లెక్సీల దొంతర మీద పెట్టాడు. ఎగిరిపోకుండా దాని మీద రాయి పెట్టాడు.

ఓట్ల రోజు వచ్చింది. ఊళ్ళో ప్రతి ఇల్లూ రెండు పార్టీలకీ ఆయ్ అని ఉంది. ఇచ్చిన మాట తప్పకూడదు. ఇంట్లో మొగుడు కావిడికి వేస్తే పెళ్ళాం తిరగలికి వేసింది. అన్న ఇటు, తమ్ముడు అటు. ఒంటరివాళ్ళు పక్కింటి ఒంటరివాళ్ళతో జతకట్టి చెరొకటి పంచుకున్నారు. పెట్టె తెరిచి చూస్తే కావిడికి నాలుగు వందల మూడు, తిరగలికి నాలుగు వందల మూడు. మిగతా ఊళ్ళ లెక్కలో తిరగలి అభ్యర్థి ఇరవై తొమ్మిది ఓట్లతో బయటపడ్డాడు.

"గెలిచాం కదండీ, ఇక గండి సంగతి?" అన్నాడు బాపిరాజు.

"ఎన్నికల ముందు వైఖరి కావాలి," అన్నాడు విశ్వంభర్ గారు. "గెలిచాక వైఖరి దేనికి? గెలిచాక సంఘం కావాలి."

గండి అధ్యయన సంఘం పుట్టింది. సలహాదారు విశ్వంభర్ గారే, ఈసారి రోజంతా ఒక్క వైపే. బడి వరండాలో ఏఈ గారు ఊరిని పిలిచి ఆ ఉత్తర్వు చదివారు. గన్నెయ్య, బాపిరాజు ఒకే బల్ల మీద కూచున్నారు. అబ్బులు అలవాటుగా వరండా చివర కూలబడ్డాడు.

"మొగలిలంక ప్రజలు సమానంగా తీర్పు ఇచ్చినందున, గండి విషయమై ప్రజాభిప్రాయం సమతౌల్యంలో ఉన్నదని సంఘం భావించింది. కావున రానున్న వరదలో గండి పనితీరును ప్రత్యక్షంగా పరిశీలించి, తదుపరి నివేదిక సమర్పించబడును. అంతవరకు గండిని ఎవరూ ముట్టుకోరాదు. గండికి అడ్డం వేయుటకు ఇసుక సంచులకోసం ఊరు పెట్టుకున్న అర్జీ సైతం నివేదిక అనంతరమే పరిశీలించబడును. అందరికీ సమ్మతమే కదా?"

"ఆయ్," అంది ఊరు.

అప్పుడే నూకరాజు ఫోను చెవిన పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "పైన వరద ఎర్రనీరు తగిలిందంటండి. ఎల్లుండి పొద్దుటికి మన దగ్గరికొచ్చేస్తాదంట."

వరండాలోవాళ్ళు ఒక్కొక్కళ్ళే మెల్లగా తలలు తిప్పి అబ్బులు వైపు చూశారు. మూడోనాడు అతను ఏఈ గారి ఆఫీసుకి వెళ్ళాలి. అరుగు మీద కూచోవాలి. నీళ్ళు ముట్టకుండా రావాలి. ఆచారం అదీ.

"మూడోనాటికి ఎక్కడికెళ్తావయ్యా?" అంది వరహాలమ్మ. ఆమె గొంతులో వెటకారం లేదు. "మూడోనాటికి నీళ్ళే నిన్ను ముట్టుకుంటాయి."

గన్నెయ్య లేచాడు. అతనికి ఏం చెయ్యాలో తోచక, మర్యాద కొద్దీ, బడి కుండలోంచి చెంబుతో నీళ్ళు ముంచి తెచ్చి అబ్బులు ముందు పెట్టాడు. అబ్బులు చెంబు పక్కకి జరిపాడు.

"ఈ పెద్దాయనకీ అభ్యంతరం లేనట్టే," అన్నాడు విశ్వంభర్ గారు, పలక తీసుకుని.

అబ్బులు లేచి నిలబడ్డాడు. తువ్వాలు దులపలేదు. రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.

"కాదండి," అన్నాడు.

గొంతు తుప్పుపట్టిన గొళ్ళెంలా వచ్చింది. వరహాలమ్మ చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపిరాజు, గన్నెయ్య ఒకళ్ళ మోచెయ్యి ఒకళ్ళు పట్టుకున్నారు. ఊరు మొత్తానికి ఆ మాట నోటితో వినడం అదే మొదలు. ఎవరి చెవిలోనూ ముల్లు గుచ్చుకున్నట్టు లేదు.

ఏఈ గారు ఫైలు అటూ ఇటూ తిప్పారు. "దీన్ని ఎలా నమోదు చేయాలి?"

విశ్వంభర్ గారు పలక మీద వేలు పైకీ కిందికీ జరిపి చూశాడు. అవును ఉంది. తప్పకుండా ఉంది. మౌనంగా అవును కూడా ఉంది.

"గడి లేదండి," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే, తెలతెలవారుతుండగా, అబ్బులు తన ఇంటి వెనక గోడ విప్పాడు. పైనున్న నోటీసూ రాయీ కింద పెట్టి, ఫ్లెక్సీలు పదేసి చొప్పున నెత్తిన మోసుకెళ్ళి, బోర్డు పక్కన పరిచాడు. "మూస్తాం" ఒకటి తీసి కత్తితో నాలుగు ముక్కలు చేశాడు. "ఉంచుతాం" ఒకటి తీసి నాలుగు ముక్కలు చేశాడు. దబ్బనంలోకి పురికొస ఎక్కించి కుట్టడం మొదలుపెట్టాడు. వరహాలమ్మ మోకాళ్ళకి గుడ్డలు చుట్టుకుని వచ్చి, పారతో మట్టి నింపింది. చేతులు జోడించిన అభ్యర్థి పొట్ట నిండి బిగిశాడు. మొదటి సంచి గండిలో పడింది.

కాసేపటికి నూకరాజు కొలవడానికి వచ్చాడు. టేపు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి లాగాడు. రిజిస్టరు తెరవలేదు. "నలభై మూడు, మావా. ఎత్తు కూడా చూస్తే వేలల్లో పడతాయి సంచులు. ఫ్లెక్సీలు చాలతాయంటావా?"

"ఏడుసార్లు మార్చేరు కదరా," అంది వరహాలమ్మ. "రెండు పార్టీలూను. చాలకేం!"

నూకరాజు తలపాగా చుట్టి పార అందుకున్నాడు. వెనక వీధి వీధంతా వచ్చింది, తట్టలు పట్టుకుని. అందరికంటే వెనక గన్నెయ్య, బాపిరాజు వచ్చారు. చెక్క మంచం ఒకటి చెరో కొసా పట్టుకుని తెచ్చారు, మట్టి మోయడానికి. వచ్చారే గానీ గట్టు కిందే ఆగిపోయారు. తమనీ పనిలో కలుపుకోమని అడగడానికి ఇద్దరికీ నోరు రాలేదు. చివరికి బాపిరాజు మంచం దించి, చెంబుతో మంచినీళ్ళు తెచ్చి, అబ్బులు పక్కన పెట్టి నిలబడ్డాడు.

అబ్బులు దబ్బనం సంచికి గుచ్చి ఉంచాడు. చెంబెత్తి, అడుగు కనబడేదాకా తాగాడు.